యాడిటివ్ సీసాలు: ఏవి పనిచేస్తాయి, ఏవి డబ్బు దండగ, ఏవి బండికి చేటు

బండి సర్వీస్ అయ్యాక వచ్చే బిల్లులో ఆయిల్, ఫిల్టర్, లేబర్ చార్జీల కింద ఒక్కోసారి ఇంకో రెండు మూడు లైన్లు కనిపిస్తాయి. ఇంజెక్టర్ క్లీనర్, ఇంజిన్ ఫ్లష్, ఆయిల్ ట్రీట్‌మెంట్. ఎందుకని అడిగితే "వేస్తే మంచిది, ఇంజిన్ స్మూత్ అవుతుంది" అంటారు. వేయించుకున్నవాళ్లలో కొందరు పికప్ పెరిగిందంటారు. కొందరు ఇవన్నీ మోసమని కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటు మాటలే. ఈ సీసాల్లో కొన్ని నిజంగా పనిచేస్తాయి, వాటి వెనక దశాబ్దాల పరిశోధన ఉంది. కొన్నిటి వల్ల లాభం లేదు, నష్టం లేదు. కొన్ని మాత్రం బాగున్న బండిని పాడుచేస్తాయి. షాపులో ఇవన్నీ ఒకే షెల్ఫ్ మీద, ఒకే రకం మెరిసే లేబుళ్లతో పక్కపక్కనే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. యాడిటివ్, అంటే గుణం మెరుగుపరచడానికి కలిపే రసాయనం, కలపని పెట్రోల్ గానీ ఇంజిన్ ఆయిల్ గానీ మనకు దాదాపు దొరకదు. నిల్వ ఉన్నప్పుడు చెడిపోకుండా యాంటీ ఆక్సిడెంట్, ట్యాంకు తుప్పు పట్టకుండా ఇంకో రసాయనం, చాలా చోట్ల ఇంజెక్టర్ల శుభ్రత కోసం డిటర్జెంట్ పెట్రోల్‌లో ముందే కలుపుతారు. ఇంజిన్ ఆయిల్‌లో అయితే సుమారు పది నుంచి పాతిక శాతం దాకా యాడిటివ్‌లే. అంటే మనం సీసా కొని పోయడమంటే, కెమిస్టులు కొలతలు వేసి, ఇంజిన్ల మీద పరీక్షించి తయారుచేసిన మిశ్రమంలో మన అంచనాతో ఇంకొంత కలపడం. కాబట్టి ఏ సీసా గురించైనా తేల్చుకోవాల్సింది ఒకటే: ఉన్న మిశ్రమంలో ఏ లోటు ఉంది, ఈ మందు ఆ చోటికి ఎలా చేరి ఆ లోటు తీరుస్తుంది? దీనికి సూటిగా జవాబు దొరికితే కొనొచ్చు. "ఇంజిన్‌కి మంచిది" అన్నది జవాబు కిందికి రాదు.

ఇంజెక్టర్ క్లీనర్లు

బాగా పనిచేసే రకంతోనే మొదలుపెడదాం. ఫ్యూయెల్ ఇంజెక్టర్ కొనలోని రంధ్రాలు మిల్లీమీటరులో చిన్న వంతు ఉంటాయి. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పారే పెట్రోల్ ఆ కొనను చల్లబరుస్తూ ఉంటుంది. తాళం తీసేశాకే తంటా మొదలవుతుంది. పెట్రోల్ పారడం ఆగిపోతుంది, చుట్టూ ఉన్న లోహం మాత్రం ఇంకా కాగుతూనే ఉంటుంది. కొన దగ్గర మిగిలిన తడిలోంచి తేలిక భాగాలు ఆవిరైపోతాయి, బరువైన భాగాలు బంకగా అంటుకుపోతాయి. దగ్గర దూరాలే తిరుగుతూ, రోజుకు చాలాసార్లు ఆపి స్టార్ట్ చేసే బండిలో ఈ బంక పొర మీద పొరగా గట్టిపడుతుంది. కొన్నాళ్లకు సన్నని తుంపరగా చిమ్మాల్సిన పెట్రోల్ ఒక పక్కకు ధారగా పడుతుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణకడం, ఉదయం స్టార్టింగ్ ట్రబుల్, యాక్సిలరేటర్ నొక్కగానే ఒక క్షణం తడబాటు, ఇవన్నీ దీనివల్ల రావచ్చు.

1980ల్లో అమెరికాలో కార్బురేటర్ల స్థానంలో ఇంజెక్టర్లు వచ్చినప్పుడు ఈ సమస్య పెద్ద ఎత్తున బయటపడింది. డిటర్జెంట్ల మీద పరిశోధన ఊపందుకుంది అప్పుడే. 1995 నుంచి అక్కడి పెట్రోల్‌లో కనీస మోతాదు డిటర్జెంట్ తప్పనిసరి చేశారు. ఆ కనీసం చాలదని 2004లో బీఎండబ్ల్యూ, జనరల్ మోటార్స్, హోండా, టొయోటా కలిసి 'టాప్ టియర్' అనే ఇంకా గట్టి ప్రమాణాన్ని పెట్టాయి. 2016లో అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ జరిపించిన పరీక్షలో ఈ ప్రమాణం అందుకున్న పెట్రోల్‌కూ అందుకోని పెట్రోల్‌కూ మధ్య తేడా తేలింది. 4,000 మైళ్ల ప్రయాణానికి సమానంగా ఇంజిన్ నడిపాక, రెండో రకంలో పేరుకున్న మడ్డి సగటున 19 రెట్లు ఎక్కువ. డిటర్జెంట్ పనిచేస్తుందా అనే ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు అక్కర్లేదు.

అయితే డిటర్జెంట్లన్నీ ఒకటి కాదు. సీసాల్లో వాడేవాటిలో పీఈఏ, అంటే పాలీఈథర్ అమీన్, పేరున్న రకం. దీని అణువులో నైట్రోజన్ ఉన్న కొన మడ్డిని పట్టుకుంటుంది, పొడవాటి తోక పెట్రోల్‌లో కరుగుతుంది. అలా మడ్డిని కొద్దికొద్దిగా ఊడదీసి పెట్రోల్‌తో పాటు లాక్కుపోతుంది. వేడికి బాగా తట్టుకుంటుంది కాబట్టి దహనం జరిగే గది లోపలి కార్బన్ మీద కూడా కొంత ప్రభావం చూపుతుంది. పీఐబీఏ అనే ఇంకో రకం వాల్వులు మురికి పట్టకుండా కాపాడుతుంది గానీ, ఎక్కువైతే దహన గదిలో తనే కొంత మడ్డి మిగల్చగలదు. చవకగా దొరికే కొన్ని సీసాల్లో చాలా భాగం కిరోసిన్ లాంటి ద్రావకం, డిటర్జెంట్ పేరుకు మాత్రమే. లేబుల్ మీద ఈ తేడా తెలియదు. తయారీదారు వెబ్‌సైట్‌లో ఆ సరుకు 'సేఫ్టీ డేటా షీట్' దొరుకుతుంది. అందులో ప్రమాదకర పదార్థాల పేర్లు, చాలాసార్లు వాటి శాతాలు ఉంటాయి. రెండు నిమిషాలు దాన్ని చదివితే సీసా వెనక రాసిన పేజీ పొడుగు ప్రకటన కంటే ఎక్కువ తెలుస్తుంది.

మంచి డిటర్జెంట్ ఉన్న పెట్రోల్ ఎప్పుడూ పోయిస్తూ, బండిలో ఏ ఇబ్బందీ లేకపోతే ఈ సీసా అక్కర్లేదు. పెట్రోల్ నాణ్యత మీద నమ్మకం లేకపోయినా, పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తున్నా ఆయిల్ మార్చడానికి కొద్ది రోజుల ముందు ఒక ట్యాంకుకు పీఈఏ ఉన్న సీసా పోసి చూడటం సబబైన పనే. ఆయిల్ మార్పుకు ముందే ఎందుకంటే, కాలకుండా మిగిలిన డిటర్జెంట్ కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి ఆయిల్‌లోకి దిగుతుంది. ఒకటికి రెండు సీసాలు పోస్తే పని రెట్టింపు కాదు, ఆయిల్‌లోకి దిగేదే పెరుగుతుంది. ఇంకో ముఖ్యమైన మాట: ఇంజిన్ వణకడానికి అరిగిన స్పార్క్ ప్లగ్, చెడిన కాయిల్, గాలి లీక్ లాంటి కారణాలు చాలా ఉంటాయి. ఒక ట్యాంకు అయిపోయేసరికి మార్పు లేకపోతే రెండో సీసా కొనకుండా మెకానిక్‌కి చూపించడం మేలు.

డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో కథ మారుతుంది. పాత పద్ధతిలో ఇంజెక్టర్ పెట్రోల్‌ను ఇన్‌టేక్ వాల్వు వెనక చిమ్మేది కాబట్టి, డిటర్జెంట్ కలిసిన పెట్రోల్ ఆ వాల్వును ఎప్పటికప్పుడు కడిగేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్ లోపల పడుతుంది. వాల్వు వెనక భాగానికి చుక్క తగలదు. అక్కడికి చేరేది క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరే. అది కాలిపోయి నల్లటి గట్టి కార్బన్‌గా పేరుకుంటుంది. ట్యాంకులో ఏం పోసినా ఆ కార్బన్‌ను తాకలేదు. దాన్ని తీయాలంటే ఇన్‌టేక్ విప్పి, వాల్‌నట్ పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి శుభ్రం చేయడమే నమ్మకమైన మార్గం. టొయోటా లాంటి కంపెనీలు కొన్ని ఇంజిన్లలో రెండు రకాల ఇంజెక్టర్లూ కలిపి పెట్టడంతో వాల్వులకు మళ్లీ పెట్రోల్ తగులుతోంది. డైరెక్ట్ ఇంజెక్షన్ బండి ఉన్నవాళ్లు "వాల్వులు శుభ్రం చేస్తుంది" అనే మాట చూసి ట్యాంకులో పోసే సీసా కొంటే ఆ డబ్బు వృథా. ఇంజెక్టర్ కొనల వరకు మాత్రం అది పనికొస్తుంది.

ఆక్టేన్ బూస్టర్లు

ఆక్టేన్ సంఖ్య పెట్రోల్‌లో ఎంత శక్తి ఉందో చెప్పదు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు, స్పార్క్ పుట్టించిన మంట తన దాకా చేరకముందే తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో చెబుతుంది. అలా ముందే అంటుకుంటే వచ్చేదే నాకింగ్. మామూలు ఆక్టేన్‌కు డిజైన్ చేసిన ఇంజిన్‌లో ఎక్కువ ఆక్టేన్ పోస్తే అదనపు పవర్ ఏమీ రాదు. ఎక్కువ ఆక్టేన్ కావాలని మాన్యువల్‌లో రాసిన టర్బో ఇంజిన్‌లో తక్కువది పోస్తే నాక్ సెన్సర్ గుర్తించి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పవర్ తగ్గుతుంది. అలాంటి బండికి ఆక్టేన్ పెంచితే ఫలితం ఉంటుంది. అయినా సీసా కొనేకంటే బంకులో దొరికే ప్రీమియం పెట్రోల్ పోయించడమే సాధారణంగా చవక, నమ్మకం కూడా. బూస్టర్ సీసాల మీద "30 పాయింట్లు పెరుగుతుంది" అని రాసి ఉంటే కంగారుపడనక్కర్లేదు. వాళ్ల లెక్కలో ఒక పాయింటు అంటే ఆక్టేన్‌లో పదో వంతు. 30 పాయింట్లంటే 91 కాస్తా 94 అవుతుంది, అంతే.

వాటిలో వాడే లోహ రసాయనాలకు ఖరీదు ఇంకో రూపంలో కట్టాలి. ఫెర్రోసీన్‌లో ఇనుముంటుంది. కాలాక అది ప్లగ్గుల మీద ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ పొరగా మిగిలి మిస్‌ఫైర్‌కు దారితీస్తుంది. ఎంఎంటీలో మాంగనీస్ ఉంటుంది, అదీ పొరలు మిగులుస్తుంది.

ఇక్కడ చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. ఆక్టేన్ పెంచే రసాయనాల్లో అన్నిటికంటే బాగా పనిచేసింది టెట్రా ఇథైల్ లెడ్. 1921లో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ దాని గుణం కనిపెట్టాడు. 1923లో అమ్మకాలు మొదలయ్యాయి. 1924లో న్యూజెర్సీలోని బేవే ప్లాంటులో దాన్ని తయారుచేస్తున్న కార్మికులు అయిదుగురు సీసపు విషంతో చనిపోయారు. అయినా అమ్మకం ఆగలేదు. తర్వాత అర్ధశతాబ్దం పాటు ప్రపంచంలోని రోడ్లన్నిటి మీదా బండ్ల పొగ గొట్టాల నుంచి సీసం వెదజల్లారు. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీసే విషం అది. కార్లకు సీసం కలిపిన పెట్రోల్ అమ్మిన చివరి దేశం అల్జీరియా, అక్కడ 2021లో ఆగింది. నాకింగ్ ఆపుతుందా అని పరీక్షిస్తే ఆ యాడిటివ్‌కు నూటికి నూరు మార్కులు పడేవి. ఒక మందు పనిచేస్తుందని తేలినంత మాత్రాన దాన్ని వాడొచ్చని తేలినట్టు కాదు. ఈ విషయంలో నాకు రవ్వంత కూడా మొహమాటం లేదు. పొగ గొట్టం నుంచి ఏం బయటికి పోతుందో చెప్పని సీసాను నేను కొనను.

నిల్వ ఉండే బండ్లకు

నెలల తరబడి కదలని బండికి ఫ్యూయెల్ స్టెబిలైజర్ నిజంగా ఉపయోగం. పెట్రోల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా బంకగా మారుతుంది. స్టెబిలైజర్‌లోని యాంటీ ఆక్సిడెంట్లు ఆ చర్యను నెమ్మదింపజేస్తాయి. తాజా పెట్రోల్‌లో కలిపితేనే ఫలితం, చెడిపోయినదాన్ని అది బాగుచేయలేదు. కలిపాక ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడిపితేనే ఆ పెట్రోల్ ఇంజెక్టర్లు, కార్బురేటర్ దాకా చేరుతుంది. చాలామంది ఈ ఒక్కటీ మరిచిపోతారు, తీరా చూస్తే కార్బురేటర్‌లో పాత పెట్రోలే ఎండి ఉంటుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చాక "ఇథనాల్ ట్రీట్‌మెంట్" సీసాలు బాగా పెరిగాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ మామూలు ఉష్ణోగ్రతలో సుమారు అర శాతం దాకా నీటిని తనలో కలుపుకోగలదు. అది దాటితే నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి, పైన ఆక్టేన్ తగ్గిన పెట్రోల్ మిగులుతుంది. అలా విడిపోయినదాన్ని సీసాలో మందు మళ్లీ కలపలేదు. ట్యాంకు ఖాళీ చేయడమే మార్గం. ఈ సీసాల్లోని తుప్పు నిరోధకాలు లోహ భాగాలకు కొంత రక్షణ ఇస్తాయి, ఇథనాల్ తట్టుకోలేని పాత రబ్బరు గొట్టాలను మాత్రం కాపాడలేవు. నీరు పోగొట్టే మందుల్లో ఎక్కువగా ఉండేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. పెట్రోల్‌లో ఇథనాల్ ముందే ఉంటే కొద్దిపాటి నీటిని కలుపుకుపోయే పని అదే చేస్తుంది, ఇంకో ఆల్కహాల్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు.

డీజిల్

డీజిల్ విషయంలో నేను కొంచెం మెతక. కారణం సల్ఫర్. కాలుష్యం తగ్గించడానికి డీజిల్‌లో సల్ఫర్‌ను యూరప్‌లో 10 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 10), అమెరికాలో 15 పీపీఎంకు దించారు. సల్ఫర్ తీయడానికి హైడ్రోజన్‌తో శుద్ధి చేసినప్పుడు పంపు, ఇంజెక్టర్ల లోపలి భాగాలకు జారుడు ఇచ్చే సహజ పదార్థాలు కూడా పోతాయి. కాబట్టి సరఫరాదారులే లూబ్రిసిటీ యాడిటివ్ కలుపుతారు. దాన్ని పరీక్షించే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. డీజిల్‌లో మునిగిన ఒక ఉక్కు గోళీని పలక మీద సన్నగా రుద్దుతారు, గోళీ మీద పడ్డ అరుగుదల మచ్చను మైక్రోస్కోప్ కింద కొలుస్తారు. యూరప్ ప్రమాణంలో ఆ మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు, అమెరికా 520 దాకా ఒప్పుకుంటుంది. సీటేన్, అంటే డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సంఖ్య, కూడా అంతే. యూరప్ కనీసం 51 అడుగుతుంది, అమెరికా 40తో సరిపెట్టుకుంటుంది. సీటేన్ పెంచే 2-ఇథైల్ హెక్సైల్ నైట్రేట్ కలిసిన సీసా తక్కువ సీటేన్ డీజిల్‌లో చలికాలపు స్టార్టింగ్‌ను మెరుగుపరుస్తుంది, అప్పటికే 51 దాటినదాంట్లో తేడా పెద్దగా తెలియదు. ఒకే సీసా ఒకచోట ఉపయోగపడి ఇంకోచోట వృథా అవడానికి ఇదే కారణం.

గడ్డకట్టే చలిలో డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టర్ మూసుకుపోతుంది. యాంటీ జెల్ మందు మైనం స్ఫటికాలు పెద్దవి కాకుండా ఆపుతుంది. గడ్డకట్టాక పోస్తే లాభం లేదు, ముందే కలపాలి. ట్యాంకు అడుగున నీరు నిలిస్తే డీజిల్‌కూ నీటికీ మధ్య ఫంగస్, బాక్టీరియా పెరిగి ఫిల్టర్‌ను నల్లటి జిగురుతో మూసేస్తాయి. అక్కడ బయోసైడ్ పనిచేస్తుంది, కానీ నీరు తీయకపోతే మళ్లీ పెరుగుతాయి.

తయారీదారులే యాడిటివ్‌ను డిజైన్‌లో భాగం చేసిన సందర్భాలూ ఉన్నాయి. 2000లో పెజో 607 కారులో మసి ఫిల్టర్ పెట్టినప్పుడు, ఫిల్టర్‌లో చేరిన మసి తక్కువ వేడికే కాలిపోయేలా సీరియం ఉన్న మందును చిన్న ట్యాంకు నుంచి కొలత ప్రకారం డీజిల్‌లో కలిపే ఏర్పాటు చేశారు. లోటు ఏమిటో తెలుసు, మందు ఏమిటో తెలుసు, మోతాదు కంప్యూటర్ చూసుకుంటుంది. యాడిటివ్ అంటే ఇలా ఉండాలి.

ఇంజిన్ ఆయిల్‌లో కలిపేవి

ఇక్కడ నా సలహా దాదాపు ఒకే మాట: కలపకండి. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

ఆయిల్‌లోని యాడిటివ్‌లు చాలావరకు లోహపు ఉపరితలం మీద చేరి పనిచేస్తాయి. 1940ల నుంచి వాడుకలో ఉన్న జడ్‌డీడీపీ అనే జింక్, ఫాస్ఫరస్ సమ్మేళనం రాపిడి ఎక్కువైన చోట సన్నని పొరగా ఏర్పడి అరుగుదలను ఆపుతుంది. డిటర్జెంట్లు, రాపిడి తగ్గించే మందులు కూడా అదే ఉపరితలం కోసం పోటీ పడతాయి. కుర్చీలాటలో కుర్చీలు పెరగకుండా ఆడేవాళ్లే పెరిగితే ఎవరో ఒకరు నిలబడాల్సిందే. మనం పోసిన కొత్త మందు చోటు ఆక్రమిస్తే, అసలు రక్షణ ఇవ్వాల్సిన పదార్థం చోటు కోల్పోవచ్చు. ఫాస్ఫరస్ ఎక్కువైతే ఇంకో బాధ, అది ఆయిల్ ఆవిరితో బయటికి పోయి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకే ఇప్పటి పెట్రోల్ కార్ల పలచని ఆయిళ్లలో దాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. వాల్వులను కదిపే భాగాలు ఒకదానిమీద ఒకటి జారుతూ రాసుకునే పాత కాలపు ఫ్లాట్ టాపెట్ ఇంజిన్లకు జింక్ ఎక్కువ కావాలన్నది నిజమే. వాటికోసం తయారైన ఆయిల్ దొరుకుతుంది, సీసాతో అవసరం లేదు.

చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇంకా సున్నితమైన సంగతి ఉంది. తక్కువ ఆర్పీఎంలో గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు సిలిండర్‌లో చేరిన ఆయిల్ చుక్కలు స్పార్క్ కంటే ముందే మంట పుట్టించవచ్చు. ఆ దెబ్బకు పిస్టన్ విరిగిన సందర్భాలున్నాయి. ఆయిల్‌లోని కాల్షియం డిటర్జెంట్లు దీన్ని పెంచుతున్నాయని తేలాక, కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచిన ఆయిళ్లు తయారుచేశారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2020లో తెచ్చిన ఏపీఐ ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణంలో దీనికోసం ప్రత్యేక పరీక్ష ఉంది. ఆ ఆయిల్‌లో కాల్షియం ఉన్న ట్రీట్‌మెంట్ సీసా పోస్తే, అంత కష్టపడి సాధించిన రక్షణను మన చేతులతో మనమే తీసేసినట్టు.

ప్రకటనల సంగతికొస్తే రికార్డు అంత గొప్పగా లేదు. టెఫ్లాన్ రకం పొడి కలిపిన స్లిక్ 50 మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996లో కేసు పెట్టింది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇంజిన్ అరిగిపోతుందని భయపెట్టడం తప్పనీ, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ వేస్తే చాలా ఇంజిన్లకు ఆ రక్షణ ముందే ఉంటుందనీ కమిషన్ వాదన. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. 2001లో జీమ్యాక్స్ మీద కేసు. ఆ సరుకు రంగు కలిపిన మినరల్ ఆయిలేననీ, కంపెనీ చేయించిన పరీక్షలోనే అది కలిపిన ఆయిల్‌లో బేరింగుల తుప్పు మామూలు ఆయిల్ కంటే రెట్టింపు దాటిందనీ ఫిర్యాదులో రాశారు. అదీ 2003లో రాజీతో ముగిసింది.

బైకులు నడిపేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. క్లచ్ పట్టు అంతా ప్లేట్ల మధ్య రాపిడి మీదే ఆధారపడి ఉంటుంది. రాపిడి తగ్గించే మందు ఆయిల్‌లో పోస్తే అది పిస్టన్‌కూ క్లచ్‌కూ తేడా చూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు లాగదు. కార్ల ఆయిళ్లలో ఈ రాపిడి తగ్గించే పదార్థాలు పెరిగి బైకుల క్లచ్‌లు జారడం వల్లే 1990ల చివర్లో జపాన్‌లో జాసో ఎంఏ అనే ప్రత్యేక ప్రమాణం పెట్టారు. డబ్బా మీద ఆ అక్షరాలున్న ఆయిల్ పోసి, అందులో ఇంకేమీ కలపకపోతే క్లచ్ చాలాకాలం నిలుస్తుంది. మందు పోసి ప్లేట్లు జారడం మొదలైతే ఆయిల్ మార్చినా ఒక్కోసారి సరిపోదు, ప్లేట్లే మార్చాల్సి వస్తుంది.

ఇంజిన్ ఫ్లష్ గురించి: టైముకి ఆయిల్ మార్చిన ఇంజిన్‌కు అది అనవసరం. ఏళ్ల తరబడి మార్చని ఇంజిన్‌లో ప్రమాదం. ఒక్కసారిగా ఊడిన మడ్డి ముక్కలు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కు ఆయిల్ అందదు. అలాంటి ఇంజిన్‌లో మంచి ఆయిల్ పోసి, రెండు మూడు సార్లు సగం గడువుకే మార్చడం నిదానమైనా క్షేమం. ఆయిల్‌లోని డిటర్జెంట్ ఆ పని మెల్లగా చేస్తుంది.

మైలేజీ

సీసా మీద 15 శాతం, 20 శాతం మైలేజీ అని రాసి ఉంటే కాస్త ఆలోచించండి. సరిగా ఉన్న పెట్రోల్ ఇంజిన్‌లో ఇంధనం 95 నుంచి 98 శాతం దాకా కాలిపోతుంది, డీజిల్‌లో ఇంకా ఎక్కువ. "పూర్తిగా కాలేలా చేస్తుంది" అనే మందుకు మిగిలింది ఆ రెండు నుంచి అయిదు శాతమే. మిగతా నష్టమంతా వేడిగా రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ పోయేది, దాన్ని సీసా ఆపలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దశాబ్దాలుగా వందకు పైగా ఇలాంటి పరికరాలను, మందులను పరిశీలించింది, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచినది ఒక్కటీ దొరకలేదు. కొన్ని సీసాల మీద "ఈపీఏ రిజిస్టర్డ్" అని ఉంటుంది. ఆ రిజిస్ట్రేషన్ అమ్మకానికి కావాల్సిన అనుమతి, పనిచేస్తుందన్న సర్టిఫికెట్ కాదు.

మరి వాడినవాళ్లు తేడా ఉందంటారే? వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేననను. ట్యాంకు నింపినప్పుడు పంపు ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది. ట్రాఫిక్, ఎండ, టైర్లలో గాలి మారుతుంటాయి. ఇవన్నీ కలిసి ఒక ట్యాంకుకూ ఇంకో ట్యాంకుకూ పది శాతం తేడా సులభంగా తెస్తాయి. పైగా మందు పోశాక మనం తెలియకుండానే కొంచెం మెల్లగా నడుపుతాం. నిజంగా తెలుసుకోవాలనుకుంటే చాలా ట్యాంకుల లెక్క రాయాలి, ఏ ట్యాంకులో మందు ఉందో డ్రైవర్‌కు తెలియకుండా ఇంకొకరు పోయాలి. ఇంజెక్టర్లు నిజంగా మురికిపట్టిన బండిలో క్లీనర్ వల్ల మైలేజీ పెరగొచ్చు. ఆ పెరుగుదల పోగొట్టుకున్నది తిరిగి రావడమే.

మిగతా ద్రవాలు

కూలెంట్‌లో పోసే లీక్ ఆపే మందులు రంధ్రాన్ని మూసే పదార్థాలే. రేడియేటర్ చిల్లుకూ హీటర్‌లోని సన్నని దారికీ తేడా వాటికి తెలియదు. దారి మధ్యలో ఇంటికి చేరడానికి వాడితే సరే, రిపేరు చేయించేటప్పుడు మొత్తం కడిగించాలి. పెద్ద డీజిల్ లారీ ఇంజిన్లలో మాత్రం కూలెంట్ యాడిటివ్ అవసరమైన వస్తువు. సిలిండర్ గోడ కంపనాల వల్ల బయటి వైపు కూలెంట్‌లో బుడగలు పుట్టి పగులుతాయి. ఒక్కో బుడగ పగిలినప్పుడు పడే దెబ్బ లోహాన్ని రవ్వంత గిల్లుతుంది. చివరికి గోడకు సూదిమొన అంత చిల్లు పడుతుంది. నైట్రైట్ లాంటి పదార్థాలు గోడ మీద కాపు కాసి దీన్ని ఆపుతాయి. అవి ఖర్చైపోతూ ఉంటాయి కాబట్టి పరీక్షించి మళ్లీ కలపాలి. ఒక చక్రం ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్స్‌లో కొన్నిటికి కూడా తయారీదారు చెప్పిన ఫ్రిక్షన్ మోడిఫయర్ (రాపిడిని సరిచేసే మందు) వేయాల్సిందే.

గేర్‌బాక్స్, పవర్ స్టీరింగ్ లీక్ మందులు రబ్బరు సీళ్లను ఉబ్బించి పనిచేస్తాయి. ఎండి గట్టిపడ్డ సీలుకు కొన్ని నెలలు ఆయుష్షు పొడిగించవచ్చు, చిరిగిన సీలును అతికించలేవు.

యాడ్‌బ్లూ పేరు విని కొందరు దాన్నీ డీజిల్ మందు అనుకుంటారు. అది డీజిల్ బండి పొగను శుద్ధి చేయడానికి వాడే, 32.5 శాతం యూరియా కలిపిన నీరు, దానికి వేరే ట్యాంకు, వేరే మూత ఉంటాయి. పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే స్టార్ట్ చేయకూడదు, ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకూడదు. ఆన్ చేస్తే చాలు, పంపు తిరిగి ఆ నీటిని ఇంజెక్టర్ల వైపు పంపేస్తుంది. బండిని అక్కడి నుంచి తోయించి ట్యాంకు కడిగిస్తే ఖర్చు అంతటితో ఆగుతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఏ మందూ కలపకూడదు. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ ఆధారిత ద్రవాలు, వాటికి తగిన రబ్బరుతోనే సీళ్లు చేస్తారు. వాటిలో ఇంజిన్ ఆయిల్ గానీ, మినరల్ ఆయిల్ ఉన్న ఏ మందు గానీ కొంచెం పడినా ఆ రబ్బరు ఉబ్బి, బ్రేకులు పట్టేయడమో పట్టకపోవడమో జరుగుతుంది. అలా పడిందని తెలిస్తే పైపైన తోడేసి కొత్తది నింపడం చాలదు. బండి నడపకుండా మెకానిక్‌ని పిలిపించి, ద్రవం తగిలిన రబ్బరు భాగాలన్నీ మార్పించాలి.